షిక్మీ ఎదుట నేను రాసిన పక్కా

తర్జుమా అంటే ఒక మాట తీసి దాని జాగాలో ఇంకో మాట పెట్టడమేనని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు ఆ పని అప్పగించినవాళ్ళు కూడా అదే చెప్పారు. నేను సగం నమ్మాను. ఆ సగం నమ్మకానికి ఒక ముసలమ్మ నాలుగెకరాల చెల్క, ఒక బావి దాదాపు పోయేవి. కచేరీల్లో తర్జుమా పనికి కొత్తగా చేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ కుర్చీ ఎక్కానో రాయను, దానితో మీకు పని లేదు.

నాకు తెలుగు బళ్ళో ఎవరూ నేర్పలేదు. మా ఊళ్ళో ఉన్నది ఉర్దూ బడి, అదీ నాలుగు తరగతులు. తెలుగు అక్షరాలు కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టిన కాగితాల మీద నేర్చుకున్నాను. చింతపండు అంటిన కాగితాన్ని ఎండలో ఆరబెట్టి చదివేవాణ్ణి. కథ సగంలో తెగిపోయేది. మిగతా సగం ఎవరింటికి ఏ పప్పుతో పోయిందో తెలిసేది కాదు. ఏ కాగితం చూసినా దీని మిగతా సగం ఎక్కడుందని అడగడం అప్పుడే అలవాటైంది. అనుమానపు మనిషినని నన్ను కచేరీలో చాలామంది ఎక్కిరించారు. అనుమానించిన చోట నేను ఎన్నడూ నష్టపోలేదు. అనుమానం వచ్చి కూడా ఊరుకున్న చోటే మునిగాను.

రిజిస్టరు

కోస్తా జిల్లాలూ మేమూ ఒకటై కొత్త రాష్ట్రం ఏర్పడిన తర్వాతి సంగతి. పాలమూరు జిల్లాలో ఒక తాలూకా కచేరీ. దాని పేరు రాయను. అప్పటిదాకా భూమి కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. ఇక తెలుగులో ఉండాలన్నారు. మంచి మాట, ఎవరి భూమి కాగితం వాళ్ళ భాషలో ఉండాలని నేనూ కోరుకున్నవాణ్ణే. అయితే ఒక ఉర్దూ మాటకు ఒక గుమాస్తా ఒక తెలుగు మాట, పక్క గుమాస్తా ఇంకో మాట రాస్తే భూములు తారుమారవుతాయి. అందుకని మాటలన్నీ ఒకచోట కూర్చే పని నాకు పడింది.

ఆ రిజిస్టరు ఎట్లా ఉండాలో నేర్పింది మా పేష్కారు మొహియుద్దీన్ సాబ్. కచేరీలో గుమాస్తాలందరి మీద పెద్ద ఆయనే. ఉర్దూ మాట ఒక గడిలో, తెలుగు మాట ఒక గడిలో, ఆ మాట ఏ స్థితిలో ఉందో మూడో గడిలో. స్థితులు మూడు. కచ్చా అంటే ఇంకా చూస్తున్నాం, కాగితం మీద తెలుగు మాట పక్కన ఉర్దూ మాట కూడా ఉండాల్సిందే. చలామణి అంటే కచేరీ లోపలి కాగితాల్లో తెలుగు ఒక్కటే రాయొచ్చు, జనానికిచ్చే నకళ్ళలో మాత్రం రెండూ రాయాలి. పక్కా అంటే ఆ తెలుగు మాట ఇక ఎక్కడైనా ఒంటరిగా నిలబడుతుంది.

పక్కా అని రాసిన చోట తేదీ వేయాలి. ఆ తేదీకి ముందరి కాగితంలో మాట మీద అనుమానం వస్తే పక్కన ఉర్దూ చూసుకోవచ్చు. తర్వాతి కాగితంలో చూసుకోవడానికి ఏమీ ఉండదు. మాట తప్పని తేలితే ఏ రోజు నుంచి ఏ కాగితాలు వెతకాలో చెప్పేది ఆ తేదీ ఒక్కటే.

మాట పక్కా అయిందని తేల్చేది ఎవరు? మొహియుద్దీన్ సాబ్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. పాత దస్తావేజుల చివర "చదివి వినిపించడమైనది" అని రాసి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించేవారు. ఆయన ఆ పద్ధతినే మాటలకు పెట్టాడు. కచేరీ వసారాలో ఏదో పని మీద వచ్చి కూర్చున్న వాళ్ళలో చదువురాని ముగ్గురిని, మూడు ఊళ్ళవాళ్ళను, పిలిచి తెలుగు కాగితం చదివి వినిపించాలి. ఒక్కొక్కరిని విడిగా "ఏమర్థమైంది?" అని అడగాలి. ముగ్గురూ ఒకటే చెబితే పక్కా. ఆ ముగ్గురి పేర్లు, ఊళ్ళు రిజిస్టరు అంచున రాయాలి.

"అంచున ఎందుకు సాబ్, గడి కొడదాం" అన్నాను.

"గడి కొడితే నింపనీకె రాస్తవు బేటా. అంచున రాస్తే యాది కోసం రాస్తవు" అన్నాడు.

ఈ పద్ధతి విలువ నాకు మొదటి నెలలోనే తెలిసింది. పైనుంచి వచ్చిన అచ్చు జాబితాలో ఖుష్కి భూమికి 'మెట్ట' అని ఉంది. ఖుష్కి అంటే వాన మీద పండే భూమి, మా దిక్కు చెల్క అంటాం. వసారాలో ఒక ముసలామెకు కాగితం చదివాను, "మెట్ట రెండు ఎకరాలు" అని. ఆమె కాళ్ళు చీర కిందికి ముడుచుకుంది.

"నా కాలి మెట్టెల సంగతి సర్కారుకెందుకయ్యా? అవి మా అవ్వ పెట్టినయి."

మొహియుద్దీన్ సాబ్ నవ్వలేదు. "కచ్చా రాయి" అన్నాడు.

కొత్త సారు

పేష్కారు సాబ్ రిటైరయి ఊళ్ళోనే తన ఇంట్లో ఉండిపోయాడు. అదే ఏడు తహసీల్దారుగా కోస్తా జిల్లాల నుంచి ఒక సారు వచ్చాడు. ఆయన గురించి న్యాయంగా రాయాలి. ఎవరి దగ్గరా చేయి చాపలేదు. జనాన్ని ఎండలో నిలబెట్టలేదు. ఆయన జబ్బు ఒకటే, శుభ్రంగా ఉన్న పుట అంటే ఇష్టం. ఆ ఇష్టం చిన్నదని మీరనుకోకండి. నేను చూసిన తప్పుల్లో లంచంతో జరిగినవాటి కంటే శుభ్రమైన పుట కోసం జరిగినవే ఎక్కువ.

మొదటి రోజే రిజిస్టరు తిరగేశాడు.

"ఏమండీ, ఈ కచ్చా ఏమిటి, పక్కా ఏమిటి? ఇది రిజిస్టరా, ఇల్లు కట్టడమా?"

చెప్పాను. అంతా విని అంచు మీద వేలు పెట్టాడు. "మరి ఈ పేర్లు?"

"విన్నోళ్ళ పేర్లు సార్."

"వేలిముద్రలవాళ్ళు కదండీ వీళ్ళు. వాళ్ళు మాటకు ప్రమాణమా?"

"కాగితం కింద వేలు పెట్టేది వాళ్ళే కద సార్."

ఆయనకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. నా తెలుగు విని నవ్వే అలవాటు ఆయనకు ముందునుంచీ ఉంది. "మీది ఉర్దూ తెలుగండీ" అనేవాడు. పొట్లాల కాగితాల మీద నేర్చుకున్న భాషకు ఆ మాత్రం వాసన ఉంటుందని అనాలనిపించేది.

పై అధికారులు తనిఖీకి వస్తున్నారనీ, ఈలోపు రిజిస్టరుకు శుద్ధ ప్రతులు రెండు రాసి, ఒకటి కచేరీలో ఉంచి ఒకటి జిల్లాకు పంపాలనీ హుకుం చేశాడు. అందులో అంచున పేర్లుండకూడదు. కచ్చాలు వీలైనంత తక్కువ ఉండాలి. శుద్ధ ప్రతి వెళ్ళాక చిత్తు రిజిస్టరు చించేయాలి.

ముగ్గురు మనుషులు

జాబితాలో షిక్మీదారు అనే మాట ఉంది. అచ్చు జాబితా దానికి 'ఉపకౌలుదారు' అని పెట్టింది. ఇక్కడ జర ఆగి చదవండి, కథంతా దీనిమీదే ఉంది.

పాత ఉర్దూ కాగితాల్లో రెండు మాటలుండేవి. ఆసామీ షిక్మీ అంటే పట్టాదారు దగ్గర కౌలుకు తీసుకుని చేసుకునే మనిషి. ఉత్త షిక్మీదారు అంటే వేరు. పట్టా ఒకరి పేరున ఉన్నా, ఆ పట్టాలోనే తనకూ సొంత హక్కున్న మనిషి. అన్నదమ్ములు నలుగురుంటే పట్టా పెద్దవాడి పేర రాసి, మిగతావాళ్ళను షిక్మీదార్లుగా రాసేవారు. మొదటి మనిషిని కౌలు గడువు తీరాక పొమ్మనవచ్చు. రెండో మనిషిని పొమ్మనడానికి పట్టాదారుకు అధికారం లేదు. అచ్చు జాబితా రాసిన పండితుడెవరో రెండింటినీ ఒకటే అనుకున్నాడు. షిక్మీ అన్న చప్పుడు ఒకటే కదా.

నాకు అనుమానం వచ్చింది. అందుకే ఆ మాటను చివరిదాకా కచ్చాలోనే ఉంచాను. శుద్ధ ప్రతి పోవాల్సిన రోజు నాలుగు గంటల బస్సులో జడ్చర్ల మీదుగా మనిషి బయలుదేరాలి. సారు లోపలినుంచి మూడుసార్లు అడిగించాడు. ఆ రోజు అంగడి, అందరూ సంతకు పోయారు. వసారాలో జనం లేరు. ఒక్క బండిలో దిగిన ముగ్గురు మాత్రం గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఏదో నకలు కోసం వచ్చారట.

వాళ్ళను పిలిచి, షిక్మీదారు జాగాలో ఉపకౌలుదారు అని పెట్టిన కాగితం చదివి వినిపించాను. విడివిడిగా అడగలేదు. మొదటి తప్పు.

"షిక్మీదారంటే ఎవరు?"

"కౌలు చేసేటోడు సారూ" అన్నాడొకడు. మిగతా ఇద్దరూ తలలూపారు.

మూడు ఊళ్ళవాళ్ళు కాదు, ఒక్క ఊరివాళ్ళు. అది రెండో తప్పు. ఇంకొకటి కూడా చూశాను. జవాబు చెప్పే ముందు ముగ్గురూ ఆవరణలో వేపచెట్టు దిక్కు ఒక చూపు చూశారు. అక్కడ తలకు తెల్ల రుమాలు కట్టుకున్న ఒక పెద్దమనిషి బీడీ కాలుస్తున్నాడు. చూశాను, అనుమానం వచ్చింది, అయినా వెళ్ళి షిక్మీ ఎదుట కచ్చా కొట్టేసి పక్కా రాశాను, తేదీ వేశాను. అలవాటు కొద్దీ చిత్తు రిజిస్టరు అంచున ఆ ముగ్గురి పేర్లు కూడా రాశాను. బస్సు టైముకే పోయింది. సారు నా భుజం తట్టాడు.

చిత్తు రిజిస్టరు చించలేదు. చించినట్టు చెప్పి, నా బల్ల కింది చెక్కపెట్టెలో అడుగున పెట్టాను. కారణం అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి. మిగతా సగం కాగితాన్ని పారేయడం నా చేత కాదు, అంతే.

సాయవ్వ

ఏడాది తిరిగాక ఒక విధవరాలు నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. పేరు సాయవ్వ. యాభై దాటి ఉంటుంది. నడుముకు చెక్కిన గుడ్డ మూటలోంచి నకలు తీసి నా ముందర పెట్టింది.

"బిడ్డా, గిది జర సదువు. ఊళ్ళె అందరు ఒక తీరు సదువుతున్నరు. నువ్వు ఇంకో తీరు సదువుతవేమోనని వచ్చిన."

చదివాను. పట్టాదారు చంద్రయ్య. ఉపకౌలుదారు సాయవ్వ, భర్త పేరు రాములు. ఉర్దూ మాట పక్కన లేదు. నకలు తేదీ చూశాను. నేను పక్కా రాసిన తేదీ దాటి రెండు నెలలు.

"చంద్రయ్య నీకేమైతడు అవ్వా?"

"మా బావ. మా ఆయనకు అన్న. మామ సచ్చిపోంగ పెద్దోడని పట్టా ఆయన మీద రాసిన్రు. చెల్క పంచుకున్నరు, బావి మా ఆయన తవ్విండు. ఆయన పోయి ఆరేండ్లాయె. ఇప్పుడు మా బావ గీ కాగితం తెచ్చి, కౌలుదానివి నువ్వు, గడువైపోయింది, బావి ఒదిలి పో అంటుండు." ఆమె గొంతు పెంచలేదు. "నేను కౌలుదాన్ని ఎప్పుడైన బిడ్డా? వాళ్ళిద్దరు ఒక్క కడుపుల పుట్టిన్రు. కౌలు యాడికెళ్ళి వచ్చె?"

ఇరవై రోజుల్లో తహసీల్దారు ముందర విచారణ ఉందని చెప్పింది. ఆ కాగితం రాసింది వేరే గుమాస్తా. ఆ మాట ఇచ్చింది నేను.

ఆ సాయంత్రం మొహియుద్దీన్ సాబ్ ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పాను. పై జాబితా, సారు తొందర, బస్సు టైము, అన్నీ చెప్పాను. ఆయన ఓదార్చలేదు.

"షికమ్ అంటే ఏంది?"

"కడుపు సాబ్."

"నీకెరుకే మరి. ఒక్క పట్టా కడుపుల ఉన్న హక్కు. ఎరుకుండి రాసినవు." కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "విన్నోళ్ళ పేర్లు రాసినవా?"

"రాసిన. చిత్తుల ఉన్నయి."

"చిత్తు ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే ఫికర్ నక్కో. నీ ఇజ్జత్ పోతది, ఆమె భూమి ఉంటది. రెండు ఉండాల్నంటే మాత్రం నా తాన మందు లేదు."

ఇరవై రోజులు ఆ చిత్తు బయట పెట్టాలా వద్దా అని ఊగిసలాడాను. రిజిస్టరులో వెనక్కి పోవడమంటే ఏమిటో మీకు ఇప్పుడు తెలియకపోవచ్చు. మా శుద్ధ ప్రతిని చూసి పక్క తాలూకాలవాళ్ళు కూడా రాసుకున్నారు. ఒక్క పక్కాను కొట్టేస్తే మిగతా పక్కాలన్నిటి మీదా అనుమానం వస్తుంది. చించేశానని అబద్ధం చెప్పిన చిత్తు బయటపడుతుంది. ఊరుకుంటే నాకేమీ కాదు. తప్పు అచ్చు జాబితాది, నేను జాబితా ప్రకారమే రాశాను. ఇట్లాంటి తప్పించుకునే దారి ప్రతి ఉద్యోగంలోనూ ఉంటుంది. అది చాలా వెడల్పుగా, నున్నగా ఉంటుంది. అట్లా ఉన్నందుకే దాన్ని అనుమానించండి.

విచారణ

చంద్రయ్యను లోపలికి పిలిచినప్పుడు గుర్తుపట్టాను, వేపచెట్టు కింది మనిషే. అదే తెల్ల రుమాలు.

సారు నకలు చదివాడు. శుద్ధ ప్రతి తెరిచి చూశాడు. "ఉపకౌలుదారు అని స్పష్టంగా ఉంది. మాట కూడా పక్కాయే. ఇక విచారించేదేముందమ్మా?"

సాయవ్వ ఆయన దిక్కు చూడలేదు, నా దిక్కు చూసింది.

నేను చిత్తు రిజిస్టరు బల్ల మీద పెట్టాను. "సార్, ఆ పక్కా రాసింది నేను. తప్పు రాసిన."

సారు ఆ రిజిస్టరును గుర్తుపట్టాడు. "ఇది చించేశానన్నారు."

"అది గూడ అబద్ధమే సార్."

చంద్రయ్య అందుకున్నాడు. "సారూ, గుమాస్తా ఇయ్యాల ఒక తీరు, రేపు ఒక తీరు రాస్తే మా అసుంటోళ్ళు ఎట్ల బతకాలె? కాగితాన్ని నమ్మాల్నా, గుమాస్తాను నమ్మాల్నా?"

న్యాయమైన ప్రశ్నే. జవాబుగా అంచున ఉన్న పేర్లు, ఊరు చూపించాను, ముగ్గురిదీ చంద్రయ్య ఊరే. సారు ఒక్కొక్కటే చదివాడు.

"ఈ మల్లయ్య ఎవరు?"

చంద్రయ్యే చెప్పాడు. "మా బామ్మర్ది సార్."

"ఈ బుచ్చయ్య?"

"మా ఇంట్ల జీతముంటడు."

"మూడో మనిషి?"

సాయవ్వ మెల్లగా అంది, "గాయిన బండి తోలినోడు సారూ. ఎడ్లు గూడ వచ్చినయి కద, వాటి పేర్లు రాయలేదా?"

సారు పాత ఉర్దూ పహాణీ తెప్పించమన్నాడు. ఊరి భూములన్నీ ఏటేటా ఎక్కే పుస్తకం అది. ఆయనకు ఉర్దూ రాదు. నన్ను చదవమన్నాడు. కాసేపటి కింద నేను అబద్ధం చెప్పానని ఒప్పుకున్నవాణ్ణి, మళ్ళీ నన్నే చదవమన్నాడు. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాను. షిక్మీదార్, రాములు. ముందర ఆసామీ అని లేదు.

"షిక్మీ అంటే మాటకు మాట అర్థమేమిటండీ?"

"షికమ్ అంటే కడుపు సార్. ఒకే పట్టా కడుపుల ఉన్న హక్కు."

ఆయన శుద్ధ ప్రతి నా ముందుకు జరిపాడు. నేను పక్కాను ఒక గీతతో కొట్టేసి, కచ్చా అని రాసి, ఆ రోజు తేదీ వేసి, 'విన్నవారి ఎంపిక తప్పు, బాధ్యత నాది' అని రాసి సంతకం పెట్టాను. ఆయన కలం తీసుకుని నా సంతకం కింద తన సంతకం పెట్టాడు. ఎవరూ పెట్టమనలేదు. ఆయన పుట ఇక ఎన్నడూ శుభ్రం కాదు. అంతవరకు ఆయన మీద నాకున్న కోపంలో సగం అక్కడ పోయింది. మిగతా సగం ఇంకా ఉంది.

చంద్రయ్య కావాలనే ముగ్గురిని కూర్చోబెట్టాడా, కలిసొచ్చిన అదృష్టాన్ని వాడుకున్నాడా అన్నది నాకు తెలియదు. అనుమానం ఉంది, రుజువు లేదు. రుజువు లేనిదాన్ని కచ్చాలోనే ఉంచుతాను.

రెండు తేదీల నడుమ

పక్కా రాసిన తేదీ ఒకటి, కొట్టేసిన తేదీ ఒకటి. ఆ రెండింటి నడుమ షిక్మీ మాటతో ఇచ్చిన ప్రతి నకలునూ వెతికాను. ఊరూరికి కబురు పంపాను, కొన్ని ఊళ్ళకు నేనే వెళ్ళాను. అందరూ దొరికారు, ఇద్దరు తప్ప. ఒకాయన బొంబాయికి కట్టడం పనికి పోయాడన్నారు. ఇంకొకామె సంగతి ఎవరికీ తెలియలేదు. వాళ్ళ భూములు ఏమయ్యాయో ఈనాటికీ నాకు తెలియదు. ఇప్పుడు కూడా ఎవరైనా నాతో "అది ఎప్పుడో ఖాయమైపోయింది" అంటే ఎవరు విన్నారు, ఎక్కడ విన్నారు, చెట్టు కింద ఎవరున్నారు అని అడగబుద్ధి అవుతుంది.

ఉపకౌలుదారు మాటను తీసేశాం. దాని జాగాలో షిక్మీదారు అన్న మాటనే తెలుగు అక్షరాల్లో ఉంచి, పక్కన 'పట్టాదారుతో పాటు సొంత హక్కు గల మనిషి' అని రాశాం. అచ్చు జాబితా కంటే పొడుగు. అందంగా లేదు. సారు నొచ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు.

సవరించిన నకలు తీసుకోవడానికి సాయవ్వ వచ్చిన రోజు వసారాలో జనం బాగానే ఉన్నారు. ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"ఏమర్థమైంది అవ్వా?"

"బావి నాదని అర్థమైంది."

నేను రిజిస్టరు తెరిచి అంచున ఆమె పేరు, ఊరు రాస్తుంటే అడిగింది, "అయితే ఇగ పక్కా రాస్తవా?"

"ఒక్కదానివే విన్నవు కద. ఇంకిద్దరు వినాలె."

సాయవ్వ నకలును మడిచి నడుముకు చెక్కుకుంది. వసారాలో కూర్చున్నవాళ్ళను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిదానంగా చూసింది. వేపచెట్టు కింద కూడా చూసింది.

"గా మూలకున్న ఇద్దర్ని పిలువు" అంది. "వాళ్ళు మా ఊరోళ్ళు కారు, ఇద్దరివి రెండూళ్ళు. నేను అడిగి చూసిన."